కాలువ గట్టు వెంట చరిత్ర పాఠం: పొన్నూరు చుట్టూ సైకిలు దారులు



సాంఘిక శాస్త్రం పుస్తకంలో శాతవాహనులు ఒక పాఠం, నీటిపారుదల మరొక పాఠం, అంటరానితనం నిర్మూలన ఇంకొక పాఠం. పరీక్ష కోసం మూడింటినీ వేరువేరుగా చదువుతాం. పొన్నూరు నుండి సైకిలు మీద ఏ దిక్కుకు బయలుదేరినా ఈ మూడు పాఠాలూ ఒకే రోడ్డు మీద ఎదురవుతాయి. బస్సులో వెళితే ఊరి పేరు బోర్డు చదివేలోపు ఊరు దాటిపోతుంది. సైకిలు గంటకు 12 కిలోమీటర్లే నడుస్తుంది కనుక పొలంలో ఏ పైరుందో కనిపిస్తుంది, గట్టు మీద కూర్చున్న పెద్దాయనను ఆగి పలకరించవచ్చు. మన ప్రాంతాన్ని చదవడానికి ఇంతకంటే చవకైన సాధనం లేదు.

ఈ వ్యాసంలో నాలుగు దారులను, వాటిలో చూడవలసినవాటిని, పాటించవలసిన జాగ్రత్తలను వివరిస్తాను. ఇప్పుడు హాస్టల్లో ఉన్నవారికి, వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులకు కూడా ఇది ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాను.

నది ఒడ్డున సైకిలు దారి ఎలా పుట్టింది?

ఐరోపాలో డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పసావు పట్టణం నుండి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు సుమారు 320 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. ఫ్రాన్సులో లోయిర్ నది వెంట 900 కిలోమీటర్ల దారి ఉంది. పాత కోటలు, పాత పట్టణాలు చూస్తూ ఏటా ఎంతోమంది ఈ దారుల్లో వెళుతుంటారు. ఆస్ట్రియాలో డాన్యూబ్ వెంట ఉన్న దారిలో చాలా భాగం ఒకనాడు పడవలకు తాళ్లు కట్టి ఒడ్డు మీది నుండి లాగిన బాట. పడవలు పోయాయి, బాట మిగిలింది.

మన కాలువ గట్ల కథ కూడా ఇలాంటిదే. 1832–33లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన ఘోరమైన కరువులో లక్షకు పైగా జనం చనిపోయారు. ఆ తరువాత సర్ ఆర్థర్ కాటన్ ప్రణాళిక ప్రకారం బెజవాడ, సీతానగరం కొండల మధ్య కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1852లో మొదలైన పని కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1855లో పూర్తయింది. ఆ ఆనకట్ట 1952లో తెగిపోయింది. దాని స్థానంలో 70 గేట్లతో నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది.

కుడివైపు కాలువలలో ముఖ్యమైనది కొమ్మమూరు కాలువ. దుగ్గిరాల, సంగం జాగర్లమూడి మీదుగా దక్షిణానికి సాగి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. పొడవు 113 కిలోమీటర్లు. ఈ నీటి మీద ఒకప్పుడు ధాన్యం పడవలు, ఉప్పు పడవలు నడిచేవి. గాలి అనుకూలించనప్పుడు మనుషులే భుజాన తాడు వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు. 2008లో ఈ కాలువను 4వ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు.

ఆనకట్ట కట్టించిన ఇంజనీర్ల పేర్లు మనకు తెలుసు. కాలువ తవ్వినవారు, తట్ట మోసినవారు, పడవ లాగినవారు ఎవరు? వారి పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. సైకిలు మీద గట్టెక్కినప్పుడు ఈ ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

మొదటి దారి: పొన్నూరు – చేబ్రోలు (రానుపోను సుమారు 30 కి.మీ.)

కొత్తగా దూరం తొక్కేవారు దీనితో మొదలుపెట్టాలి. గుంటూరు రోడ్డు మీద ఉత్తరంగా వెళితే చేబ్రోలు వస్తుంది. కోనేటి మధ్యలో ఉన్న చతుర్ముఖ బ్రహ్మ ఆలయాన్ని అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించారు. బ్రహ్మకు గుడి ఉండడమే అరుదు.

దగ్గరలోనే భీమేశ్వరాలయం ఉంది. అక్కడ దొరికిన శాతవాహన రాజు విజయుని శాసనం వివరాలను 2019లో పురావస్తు శాఖ వెల్లడించింది. క్రీ.శ. 207 నాటి ఈ శాసనం దక్షిణ భారతంలో ఇంతవరకు దొరికిన సంస్కృత శాసనాలలో అతి ప్రాచీనమైనదని ఆ శాఖ ప్రకటించింది. అందులో చేబ్రోలు పేరు తాంబ్రాపే అని ఉంది. మనం టీ తాగడానికి ఆగే ఊరికి 1,800 ఏళ్ల నాటి రాతపూర్వక చిరునామా ఉందన్నమాట!

రెండవ దారి: పొన్నూరు – బాపట్ల – సూర్యలంక (రానుపోను సుమారు 65 కి.మీ.)

బయలుదేరే ముందు మన ఊరి భావనారాయణస్వామి గుడి చూడండి. బాపట్లలో కూడా ఇదే స్వామి గుడి ఉంది. భావపురి అన్న పేరే బాపట్లగా మారిందని చెబుతారు. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల ఈ పట్టణంలోనే ఉంది. ఇంటర్లో సైన్సు తీసుకోదలచినవారు దాని గేటు ముందు ఒక్క నిమిషమైనా ఆగండి. చదువు ఎక్కడి దాకా తీసుకెళుతుందో కళ్లతో చూస్తే కలిగే పట్టుదల వేరు. 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా కేంద్రమైంది.

ఈ దారిలో గమనించవలసింది నేల. పొన్నూరు దగ్గర నల్లని బంకమట్టి, వరిచేలు. సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఇసుక నేలలు, సరుగుడు తోటలు. భూగోళంలో చదివిన నేలల రకాలు మూడు గంటల్లో చక్రాల కిందే మారిపోతాయి. బాపట్ల నుండి సూర్యలంక 9 కిలోమీటర్లు. ఉదయం తొందరగా వెళ్లి మధ్యాహ్నం తిరిగి బయలుదేరితే సముద్రం మీది నుండి వీచే గాలి తిరుగు ప్రయాణంలో సాయపడుతుంది. సముద్రంలోకి మాత్రం దిగవద్దు.

మూడవ దారి: పొన్నూరు – చుండూరు – తెనాలి – సంగం జాగర్లమూడి – చేబ్రోలు – పొన్నూరు (సుమారు 60 కి.మీ.)

వెళ్లిన దారిన తిరిగి రాకుండా చుట్టి వచ్చే మార్గం ఇది. పొన్నూరులో కలిసిపోయిన నిడుబ్రోలు నుండి మొదలుపెట్టండి. రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా 1900 నవంబరు 7న పుట్టిన ఊరు నిడుబ్రోలు.

అక్కడి నుండి తెనాలి వైపు రైలు మార్గంలో వచ్చే ఊరు చుండూరు. 1991 ఆగస్టు 6న ఈ ఊరిలో ఎనిమిది మంది దళితులను అగ్రవర్ణాలవారు వెంటాడి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయినులో, కాలువలో పడేశారు. (ఇది కర్నూలు దగ్గరి తుంగభద్ర నది కాదు, అదే పేరుగల ఇక్కడి మురుగు కాలువ.) మృతులను ఖననం చేసిన చోటిని రక్తక్షేత్రం అంటారు. బాధితులు పట్టుబట్టి, విచారణ కోసం ఆ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానాన్ని సాధించారు. 2007 జూలై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది.

గుళ్లు, స్తూపాలు చూసే దారిలో ఇది ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. చారిత్రక స్థలం అంటే రాజులు కట్టించినది మాత్రమే కాదు. మన తాతల కాలంలో చాలా ఊళ్లలో దళితుడు పెద్దవీధిలో సైకిలు మీద పోకూడదు, దిగి నడిపించుకు పోవాలి. రోడ్డు అందరిదీ, నీరు అందరిదీ అని చెప్పడానికి డాక్టర్ అంబేడ్కర్ 1927 మార్చి 20న మహద్ చెరువు నీరు దోసిట పట్టి తాగవలసి వచ్చింది. ఈ రోజు మనం బెల్లు కొడుతూ ఊరి మధ్య నుండి సైకిలు మీద వెళుతున్నామంటే దాని వెనుక అంత చరిత్ర ఉంది. రక్తక్షేత్రం దగ్గర సైకిలు దిగండి. నవ్వులు, ఫోటోలు వద్దు. కొద్దిసేపు మౌనంగా నిలబడండి. అక్కడివారు తమంతట తాము చెబితే వినండి, గుచ్చి గుచ్చి అడగవద్దు.

తరువాత తెనాలి. ఊరి మధ్య నుండి పారే కాలువలు, నాటక రంగానికి పేరుపడ్డ పట్టణం. అక్కడ భోజనం చేసి సంగం జాగర్లమూడి, నారాకోడూరు మీదుగా చేబ్రోలు చేరి, తెలిసిన రోడ్డు మీద పొన్నూరు రావచ్చు. ఈ దారిలో ఒక పరిశీలన చేయండి. సాగునీటి కాలువ ఎత్తయిన నేల మీద, గట్ల మధ్య పారుతుంది. మురుగు కాలువ పల్లంలో, పొలాల కంటే కిందుగా పారుతుంది. ఒకటి నీరు తెస్తుంది, ఒకటి తీసుకుపోతుంది. దళితవాడలు ఎక్కువగా ఏ కాలువ పక్కన ఉన్నాయో మీరే చూసి నోటుపుస్తకంలో రాసుకోండి.

నాలుగవ దారి: తెనాలి – వేమూరు – భట్టిప్రోలు (పెద్దవారితో కలిసి మాత్రమే)

ఇది దూరం ఎక్కువ. కళాశాల విద్యార్థులు, పూర్వ విద్యార్థులు రెండు రోజుల కార్యక్రమంగా పెట్టుకుంటే మంచిది. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే ధాతు కరండాలను వెలికితీశారు. వాటిపై ఉన్న బ్రాహ్మీ లిపి క్రీస్తు పూర్వం నాటిది. తెలుగు లిపి పరిణామం గురించి చెప్పేవారెవరూ ఈ ఊరి పేరు చెప్పకుండా ముందుకు పోరు.

అంతకుముందు జరిగింది మాత్రం బాధాకరం. 19వ శతాబ్దంలో ఆ స్తూపం ఇటుకలను రోడ్డు పనికి, చెక్కిన రాళ్లను కాలువ తూముకు వాడేశారు. రోడ్డూ కావాలి, కాలువా కావాలి. కాని కాలికింద ఏముందో తెలియకపోతే చరిత్రే కంకర అవుతుంది. తెలిసినవాడు కాపాడుకుంటాడు.

పడమటి వైపు వెళ్లాలనుకునేవారికి ఒక సూచన. కొమ్మమూరు కాలువ దాటి పెదనందిపాడు వైపు వెళితే మాగాణి పోయి మెట్ట వస్తుంది. వరి బదులు పత్తి, మిరప కనిపిస్తాయి. 1921–22లో పన్నుల నిరాకరణ ఉద్యమం సాగిన ప్రాంతం అది.

కాలం, లెక్క, జాగ్రత్తలు

1. నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరిక ఉంటే మానుకోండి. వానలో నల్లరేగడి బాట ఎక్కవద్దు. మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. మే నెల ఎండలో అసలే వద్దు.

2. లెక్క ముందే వేసుకోండి. 60 కిలోమీటర్లకు గంటకు 12 చొప్పున 5 గంటలు. ఆగి చూడడానికి, తినడానికి 4 గంటలు. ఉదయం 6కు బయలుదేరితే మధ్యాహ్నం 3కు తిరిగి రావచ్చు. చీకటి పడకముందే హాస్టలు చేరాలి.

3. ముందురోజు రెండు చక్రాల గాలి, బ్రేకులు, చెయిన్ చూసుకోండి. పెడలు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు పెట్టుకోండి. సీటు మరీ కిందికి ఉంటే పది కిలోమీటర్లకే మోకాళ్లు నొప్పి పుడతాయి.

4. నలుగురైదుగురు కలిసి వెళ్లండి. గాలి పంపు, పంచరు సామాను జట్టుకు ఒకటి చాలు. మంచినీళ్లు మాత్రం ఎవరివి వారికి ఉండాలి.

5. గుంటూరు–బాపట్ల రోడ్డు మీద లారీలు, బస్సులు ఎక్కువ. ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరు వెళ్లాలి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కవద్దు.

6. కాలువలో ఈతకు దిగవద్దు. పైకి నిదానంగా కనిపించినా తూముల దగ్గర లోపలికి లాగుతుంది.

7. వార్డెన్ గారికి దారి, పేర్లు, తిరిగి వచ్చే సమయం కాగితం మీద రాసి ఇచ్చి, అనుమతి తీసుకున్నాకే బయలుదేరండి.

చెల్లెళ్లకు ఒక మాట

ఇవి మగపిల్లల దారులే అనుకోవద్దు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991–92 ప్రాంతంలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. కూలి చేసుకునే తల్లులు, పొలం పనికి వెళ్లే యువతులు వారిలో ఉన్నారు. బస్సు కోసం, తోడు కోసం ఎదురుచూడడం తగ్గింది. మన బాలికల హాస్టళ్ల వారు కూడా టీచర్ల తోడుతో చేబ్రోలు దారి నుండి మొదలుపెట్టవచ్చు.

అభ్యాసం

ప్రతి ప్రయాణం తరువాత నోటుపుస్తకంలో ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. దారిలో ఎన్ని సాగునీటి కాలువలు, ఎన్ని మురుగు కాలువలు దాటారు? వాటి పేర్లేమిటి?
2. నేల రంగు, పైరు ఎక్కడ మారాయి?
3. చూసిన పాత కట్టడాన్ని ఎవరు కట్టించారు? దానికి రాళ్లెత్తినవారి గురించి ఎక్కడైనా రాసి ఉందా?
4. ఊరి పెద్దలను ఒక్కరినైనా పలకరించి, పడవల కాలం గురించి గాని, మొదటిసారి సైకిలు కొన్న రోజుల గురించి గాని తెలుసుకున్నారా?

నాలుగో ప్రశ్న జవాబును జాగ్రత్తగా, తేదీతో, ఊరి పేరుతో రాయండి. ఆ పెద్దలు చెప్పేది ఏ శాసనంలోనూ దొరకదు. మీరు రాసుకుంటేనే మిగులుతుంది. వచ్చే ఏడు సంచికకు ఆ పేజీలే పంపండి.