రంగు చేపల యూనిట్: పాచితో నీళ్లు శుద్ధి చేసుకోవడం ఎలా?

ఎవరి కోసం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పెరట్లో రంగు చేపల యూనిట్ పెట్టుకోవాలనుకునే వారి కోసం.

1. ముందు డబ్బు లెక్క

ఈ పథకం 2020లో మొదలైంది. పెరటి యూనిట్ ఖర్చును 3 లక్షల రూపాయలుగా లెక్క కడతారు. అందులో జనరల్ వర్గాలకు 40 శాతం (రూ.1,20,000), ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం (రూ.1,80,000) వరకు సబ్సిడీ. మిగిలింది మన చేతి డబ్బు, లేదంటే బ్యాంకు అప్పు. చేపలు పోయినా బ్యాంకు వాయిదా ఆగదు. అందుకే చేపల కంటే ముందు నీళ్ల సంగతి నేర్చుకోవాలి.

2. నీళ్లు ఎందుకు చెడిపోతాయి?

చేప తిన్న మేత అమ్మోనియాగా మారి నీళ్లలో కలుస్తుంది. ఇది విషం. తొట్టిలో పెరిగే మేలు చేసే బ్యాక్టీరియా దీన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్ తొట్టిలోనే పేరుకుపోతుంది. దాన్ని తీయాలంటే నీళ్లు మార్చాలి. బోరు మీదే బతికే మన వైపు, ఎండాకాలంలో ట్యాంకర్ కొనుక్కుంటూ వారం వారం నీళ్లు మార్చడం కష్టం.

ఇంకో మాట. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా సుమారు 10 రెట్లు అవుతుంది. కాబట్టి బోరు నీళ్లకు పీహెచ్ పరీక్ష తప్పనిసరి.

3. పాచి ఏం చేస్తుంది?

పాచికి అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ ఎరువు లాంటివి. వాటిని పీల్చుకుని పెరుగుతుంది. ఆ పాచిని గీకి బయటకు తీస్తే మురికి కూడా బయటకు పోయినట్టే. గీకకుండా వదిలేస్తే అది కుళ్లి, మురికి మళ్లీ నీళ్లలోకే వస్తుంది. అమెరికాలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతికి 1982లో పేటెంట్ పొందారు.

4. ఎలా కట్టాలి?

• టమాట నారు మీద కప్పే షేడ్‌నెట్‌లో కొత్త ముక్క తీసుకోండి. మందు పడిన పాత నెట్ వాడొద్దు.
• 100 లీటర్ల తొట్టికి జానెడు వెడల్పు, జానెడు పొడవుతో మొదలుపెట్టండి.
• దాన్ని గరుకుగా చేసి, తొట్టి పైన నిలువుగా వేలాడదీయండి. చిన్న పంపుతో నీళ్లు పలుచగా దాని మీదుగా జారి తొట్టిలో పడాలి.
• వెలుతురు వల మీద పడాలి, తొట్టి మాత్రం నీడలో ఉండాలి. లేకుంటే తొట్టి నీళ్లే పచ్చబడతాయి.
• పాచి బాగా పట్టాక వారానికోసారి సగం వల మాత్రమే గీకండి. మిగతా సగం పని చేస్తూ ఉంటుంది. గీకిన పాచి మొక్కలకు ఎరువు.

5. పాచి చేయలేని పనులు

• రాత్రిపూట పాచి కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది. గాలి పంపు ఆపొద్దు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే గాలి చాలడం లేదని అర్థం.
• నీళ్లు ఆవిరైనా ఉప్పులు పోవు. తగ్గిన నీళ్లకు బదులు శుభ్రంగా పట్టుకున్న వాన నీళ్లు పోస్తే మేలు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చాల్సిందే.
• కొత్త తొట్టి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలన్నీ వదలండి.

6. ఏ చేపలు?

గప్పీ, మోలీ, ప్లాటీ కాస్త గట్టి నీళ్లను తట్టుకుంటాయి. డిస్కస్, టెట్రా లాంటివి మెత్తటి నీళ్ల చేపలు, మొదట్లో వద్దు. పాచి తింటుందని సక్కర్ ఫిష్ కొని, పెద్దదయ్యాక చెరువులో వదలడం అసలే వద్దు. అది మన చెరువు చేపలకు ముప్పు.

7. దరఖాస్తుకు ముందు

ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, కుల ధ్రువీకరణ (వర్తిస్తే), స్థలం సొంతమైతే కాగితాలు, కౌలైతే రిజిస్టర్డ్ ఒప్పందం, ప్రాజెక్టు రిపోర్టు సిద్ధం చేసుకోండి. ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా, లేదా అన్నది మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. మంజూరు ఉత్తర్వు చేతికి రాకముందే అప్పు చేసి తొట్లు కొనొద్దు. ఈలోగా ఒక్క తొట్టి, ఒక్క వలతో ఎండాకాలం గడిపి చూడండి. అది నిలబడితే యూనిట్ పెట్టుకోవచ్చు.