సంఘం ల్యాప్‌టాప్‌ను ఇంటి వైఫైకి కలుపుట



పాలు పోసే రైతు ఎదురు చూసేది సకాలంలో బిల్లు. నేడు అనేక సంఘాలలో లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటున్నాయి. ఇటీవల మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఇంటర్నెట్ చెడిపోయింది. లెక్కలు పంపుటకై కార్యదర్శి ల్యాప్‌టాప్‌ను ఇంటికి తీసుకువెళ్ళారు. ఇంటి వైఫైకి అది కలవలేదు. బిల్లు రెండు రోజులు ఆలస్యమైంది. దాణా బాకీ కట్టవలసిన సభ్యులు సంఘం అరుగు మీద కూర్చుని ఉన్నారు. విచారించగా కారణం చిన్నదే. ఇంట్లో పిల్లలు వైఫై పాస్‌వర్డ్ మార్చారు. ల్యాప్‌టాప్ పాతదానినే పంపుతూ ఉంది.

ఇట్టి ఇబ్బంది రాకుండా ఈ క్రింది విధంగా చేయవలెను.

1. పాలకవర్గం అనుమతి పొంది, ల్యాప్‌టాప్ తీసుకువెళ్ళిన తేదీ, తిరిగి తెచ్చిన తేదీ రిజిస్టరులో వ్రాయాలి.

2. తెర మీద క్రింద కుడి మూలనున్న గుర్తును నొక్కాలి. ఏరోప్లేన్ మోడ్ ఉంటే తీసివేయాలి. ఇంటి వైఫై పేరు ఎంచుకొని పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఒకటి కావు.

3. పాస్‌వర్డ్ మారి ఉంటే, ఆ పేరు మీద ‘ఫర్గెట్’ నొక్కి, క్రొత్తది ఇచ్చి మరల కలపాలి.

4. ఒకే ఇంటి వైఫై రెండు పేర్లతో కనిపించవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం అందుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది, కాని దగ్గరలోనే బాగా పనిచేస్తుంది.

5. వైఫై కలిసినా లెక్కలు పంపే పేజీ తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌లో తేదీ, సమయం చూడాలి. అవి తప్పయితే సురక్షితమైన పేజీలు తెరుచుకోవు.

ఇక జాగ్రత్తలు. కలిపేటప్పుడు ‘పబ్లిక్’, ‘ప్రైవేట్’ అని అడిగితే ‘పబ్లిక్’ ఎంచుకోవాలి. పేరు వింతగా ఉన్నా, ఇంట్లోని ఇతర ఫోన్లకు, కంప్యూటర్లకు మన ల్యాప్‌టాప్ కనబడకుండా ఉండేది దానితోనే. పాస్‌వర్డ్ లేని వైఫైకి ఎన్నడూ కలపరాదు. ల్యాప్‌టాప్‌ను పిల్లల ఆటలకు ఇవ్వరాదు. సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు అందులోనే ఉన్నాయి. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

వైఫై కార్యదర్శి ఇంటిది కావచ్చు, లెక్క మాత్రం సభ్యులందరిది. మీ సంఘం ల్యాప్‌టాప్ ఈ రాత్రి ఎక్కడ ఉన్నది? ఎవరి అనుమతితో ఉన్నది? వచ్చే సమావేశంలో ఈ రెండు ప్రశ్నలు అడగండి. అడుగుట అనుమానం కాదు, సభ్యుని బాధ్యత.