సంచి నిండా ఉన్నా ఎందుకు ఓడిపోయాను?



సెలవుల్లో మా బావ పాత గేమ్‌బాయ్ ఒకటి ఇచ్చాడు. అందులో ఆట పేరు 'పోకెమాన్ మిస్టరీ డంజన్: రెడ్ రెస్క్యూ టీమ్'. దీన్ని జపాన్‌లోని చున్‌సాఫ్ట్ కంపెనీ 2005లో తయారు చేసింది. మనం ఒక పోకెమాన్‌గా మారి, తోడొకరిని వెంటబెట్టుకుని గుహల్లోకి దిగాలి. ఎదురైన వాటిని ఓడిస్తే కొన్ని మన జట్టులో చేరతామంటాయి.

ఇలాంటి ఆటలకు మూలం 'రోగ్'. 1980 ప్రాంతంలో అమెరికాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు తయారు చేశారు. అందులో రాక్షసులంటే ఇంగ్లీషు పెద్ద అక్షరాలే! గుహ దారులు ప్రతిసారీ మారిపోతాయి. కాబట్టి బట్టీ పట్టి గెలవలేం. ఉన్న కొద్ది వస్తువులను తెలివిగా వాడాలి.

నేను ఏం చేశానంటే, దొరికినవన్నీ "ముందు ముందు పనికొస్తాయి" అని దాచాను. ఒక గదిలోకి అడుగు పెట్టగానే శత్రువులు గుంపుగా మీద పడ్డారు. "ఇంకొక్క దెబ్బ, ఇంకొక్క దెబ్బ" అనుకుంటూ కొట్టాను. ఓడిపోయాను. చేతిలో డబ్బంతా పోయింది, వస్తువులు చాలా పోయాయి. అప్పుడే చేరిన కొత్త నేస్తం కూడా దక్కలేదు. అందరినీ నిద్రపుచ్చే స్లంబర్ ఆర్బ్ సంచిలోనే ఉంది! అప్పుడు కూర్చుని లెక్క వేశాను.

1. ఆకలి లెక్క: కడుపు నిండితే 100. సుమారు 10 అడుగులకు 1 తగ్గుతుంది. ఆపిల్ తింటే 50 పెరుగుతుంది. 80 ఉన్నప్పుడు తింటే 20 మాత్రమే పడుతుంది, 30 వృథా. అంటే 300 అడుగుల తిండి పారబోసినట్టే. 50కి దిగాక తినాలి. అలాగని సున్నా దాకా ఆగకూడదు. సున్నా అయితే అడుగడుగుకీ లైఫ్ తగ్గుతుంది.

2. వంతు లెక్క: మనం ఒక పని చేస్తే శత్రువులందరూ తలా ఒక పని చేస్తారు. పండు తినడం కూడా ఒక పనే. మాటవరసకు మన లైఫ్ మొత్తం 60, మిగిలింది 20 అనుకోండి. ఒరాన్ బెర్రీ తింటే 60 అయ్యింది. చుట్టూ ముగ్గురు, ఒక్కొక్కరి దెబ్బ 15. మళ్లీ 15కే వచ్చాం! పండు ఖర్చయింది, లాభం లేదు. అదే గదిలోకి వెళ్లగానే నిద్రపుచ్చి ఉంటే ఆ పండు మిగిలేది.

3. చోటు లెక్క: సంచిలో 20 వస్తువులే పడతాయి. మిగతావి బయలుదేరే ముందే కంగస్కాన్ దగ్గర దాచాలి. డబ్బు పర్షియన్ బ్యాంకులో వేయాలి. అక్కడున్నది ఓడినా పోదు.

4. నేస్తాల లెక్క: గుహలో జట్టుకు నలుగురే. కొత్తవాళ్లు చేరాలంటే వాళ్లుండే చోటు మన దగ్గర ముందే ఉండాలి. కొన్ని చోట్లను డబ్బు పెట్టి కొనాలి. అందుకే డబ్బు దుబారా చేయొద్దు. కావలసిన నేస్తం దొరికి, జట్టు అలసిపోయి ఉంటే ఎస్కేప్ ఆర్బ్ వాడి బయటికి వచ్చేయండి. ఆ వస్తువు ఉన్నది అందుకే.

దుబారా చేసినవాడు ఓడతాడని అందరికీ తెలుసు. దాచుకుని వాడనివాడూ ఓడతాడని నాకు అప్పుడు తెలిసింది. ఒక వస్తువు పోతే మిగతావన్నీ నిలుస్తాయంటే, దాన్ని వాడే వేళ అదే.

రెండోసారి అలాంటి గదే వచ్చింది. వెంటనే స్లంబర్ ఆర్బ్ వాడాను. సంచిలో ఒకటి తగ్గింది. నేస్తాలందరం బయటికొచ్చాం.

మీకో లెక్క: కడుపు 60 ఉంది. సంచిలో ఆపిల్స్ 2. ఒక్కో అంతస్తుకు 400 అడుగులు. దారిలో ఇంకేమీ దొరకలేదు. కడుపు సున్నా అయ్యేలోగా ఎన్ని అంతస్తులు దాటగలం? మొదటి ఆపిల్ ఎన్ని అడుగుల తరువాత తినాలి? జవాబు రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి.

— పదో తరగతి విద్యార్థి