కొల్లేటి నీళ్ళు – బ్యాక్టీరియా జబ్బులు



వానలు మొదలయ్యాయంటే మన వార్డుల్లో జ్వరం మంచాలు నిండిపోతాయి. కొల్లేటికోట, కైకలూరు వైపు నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది చేపల చెరువుల్లో, వరిచేలల్లో మోకాలి లోతు నీళ్ళలో పనిచేసేవారే. అటువంటివారికి తరచుగా వచ్చే బ్యాక్టీరియా జబ్బుల గురించి ఈ నెల తెలుసుకుందాం.

ఒక వానాకాలంలో చేపల చెరువు మీద పనిచేసే ఒకాయనను భార్య మా దగ్గరకు తీసుకొచ్చింది. వారం క్రితం చలిజ్వరం, పిక్కల నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళో ఒళ్ళునొప్పులకు రోజుకొక ఇంజెక్షన్ చేయించుకున్నారు. మందుల షాపులో అడిగి ఏవో క్యాప్సూల్స్ మూడు రోజులు వేసుకొని, జ్వరం కాస్త తగ్గగానే మానేశారు. మా దగ్గరకు వచ్చేసరికి కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం దాదాపు ఆగిపోయింది. పరీక్ష చేస్తే ఎలుక జ్వరం. డయాలసిస్ చేయించవలసి వచ్చింది. ఆయన బతికారు.

"ఆ క్యాప్సూల్స్ ఇంకో నాలుగు రోజులు వేయిస్తే సరిపోయేదా సిస్టరమ్మా?" అని ఆమె అడిగింది. "అవి ఈ జబ్బుకు పనికొచ్చేవో కాదో కూడా మనకు తెలియదమ్మా. మొదట్లోనే డాక్టరుగారి దగ్గరకు వచ్చి, ఈయన రోజూ చెరువులో దిగుతారని చెప్పవలసింది" అన్నాను. ఆ మాట అందరికీ చెప్పాలనే ఈ పాఠం రాస్తున్నాను.

బ్యాక్టీరియా అంటే ఏమిటి?

కంటికి కనిపించని ఏకకణ జీవులు. అన్నీ చెడ్డవి కావు. పాలను పెరుగు చేసేది కూడా బ్యాక్టీరియానే. జబ్బు చేసే బ్యాక్టీరియాను చంపడానికి లేదా పెరగకుండా ఆపడానికి వాడే మందులే యాంటీబయోటిక్స్. జలుబు, డెంగీ, చికున్‌గున్యా వైరస్ వల్ల వస్తాయి. వాటి మీద ఈ మందులు పనిచేయవు. కాబట్టి ప్రతి జ్వరానికీ ఒకే మందు ఉండదు.

1. ఎలుక జ్వరం

దీనిని డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటిలో ఈ క్రిమి ఉంటుంది. కాలి మీద ఉన్న చిన్న గాయం, పగులు, లేదా కన్ను, నోరు, ముక్కు ద్వారా లోపలికి పోతుంది. వరదల తరువాత ఈ జబ్బు ఎక్కువ. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరకు చేరేది మన కొల్లేటికే.

లక్షణాలు: నీటిలో దిగిన సుమారు 5 నుంచి 14 రోజులకు హఠాత్తుగా చలిజ్వరం, తలనొప్పి, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడడం. ముదిరితే కామెర్లు, మూత్రం తగ్గడం, దగ్గులో రక్తం.

చికిత్స: మొదట్లో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి మందుతో నయమవుతుంది. ముదిరినవారికి ఆసుపత్రిలో పెన్సిలిన్ లేదా సెఫ్‌ట్రయాక్సోన్ నరానికి ఇస్తారు. ఈ జ్వరంలో నొప్పుల ఇంజెక్షన్లు మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి.

2. టైఫాయిడ్

రోగి మలం కలిసిన నీరు, తిండి ద్వారా వస్తుంది. జ్వరం రోజురోజుకూ పెరుగుతుంది. తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి లేకపోవడం, మలబద్ధకం లేదా విరేచనాలు ఉంటాయి. వైద్యం లేకపోతే రెండు మూడు వారాలకు పేగుకు రంధ్రం పడవచ్చు. యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్ పరీక్షకు ఇస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. హైదరాబాదులో తయారయ్యే టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను ఆరు నెలలు దాటిన బిడ్డలకు కూడా వేయవచ్చు.

3. కాలి వాపు

నత్తగుల్ల కోసుకున్నా, జెల్ల ముల్లు గుచ్చుకున్నా ఆ గాయంలోంచి స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ అనే క్రిములు చేరతాయి. కాలు ఎర్రగా వాచి, వేడెక్కి, సలుపుతుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. బోదకాలు, షుగరు ఉన్నవారికి ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది. పసరు కట్టి ఊరుకోవద్దు. గాయాన్ని శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి ఆసుపత్రికి రండి. ధనుర్వాతం కూడా గాయంలోంచి వచ్చే బ్యాక్టీరియా జబ్బే. టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుపెట్టుకొని చెప్పండి.

మన జిల్లాల బిడ్డ

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా పనిచేశారు. ఆయన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. ఆ మందు సంగతి 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే ఆగస్టులో కన్నుమూశారు. ఈనాడు ఎలుక జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోని మందే.

ఇంత విలువైన మందులు అడ్డదిడ్డంగా వాడితే పనికిరాకుండా పోతాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేలమంది చనిపోయారని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. చేపల, రొయ్యల చెరువుల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను మన దేశంలో నిషేధించారు. చెరువులున్నవారు ఇది గమనించాలి.

గుర్తుంచుకోవలసినవి

– డాక్టరు చీటీ లేకుండా యాంటీబయోటిక్ కొనవద్దు. రాసినన్ని రోజులు వేసుకోండి. మీ అంతట మీరు ఆపవద్దు, మిగిలినవి ఇంకొకరికి ఇవ్వవద్దు.
– గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్ని మందులు వారికి పనికిరావు.
– నీటిలో దిగేముందు గాయాలకు నీరు తగలకుండా కట్టు కట్టుకోండి. వీలైతే బూట్లు వేసుకోండి. ఇంటికి రాగానే కాళ్ళు సబ్బుతో కడుక్కోండి.
– తాగే నీటిని బాగా తెర్లనిచ్చి చల్లార్చి, మూత పెట్టండి. ధాన్యం దగ్గర ఎలుకలు చేరనివ్వవద్దు.
– కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, మనిషి మత్తుగా ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకురండి.

ఓ.పి.లో సిస్టరు "ఎన్నాళ్ళ నుంచి జ్వరం?" అని అడుగుతుంది. ఆమె అడగకపోయినా మీరు మూడు మాటలు చెప్పండి: ఏ పని చేస్తున్నారు, ఏ నీళ్ళలో దిగారు, ఇప్పటికే ఏ మందులు వాడారు. ఖాళీ మందుల అట్ట ఉంటే అదీ తీసుకురండి. సిగ్గుపడవద్దు, మేము కోప్పడము. ఆ మాటలతోనే సగం రోగం తెలిసిపోతుంది.