ఇడా ఎవరి చుట్టం?

లాస్యా,

ఇడా అనే శిలాజం ఫొటో పంపి ‘మన ముత్తవ్వ ఇదేనా?’ అని అడిగావు. కాదు. ఎందుకు కాదో తెలుసుకుంటేనే నీకు లాభం.

ముందు ఆ రాతిపలకను తీరిగ్గా చూడు. జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గరి మెస్సెల్ గుంటలో 1983లో దొరికింది. వయసు 4.7 కోట్ల ఏళ్లు. తోకతో కలిపి 58 సెంటీమీటర్లు. ఒంటి చుట్టూ బొచ్చు అచ్చు పడి ఉంది. పొట్టలో ఆఖరుసారి తిన్న పండూ ఆకులూ ఉన్నాయి. దవడలో పాలపళ్ల కింద అసలు పళ్లు ఎదుగుతున్నాయి కాబట్టి పసిదే. మణికట్టు ఒకసారి విరిగి కొంత అతుక్కుంది కూడా.

ఇడా అడాపిడ్లు అనే అంతరించిన ప్రైమేట్ల కోవకు చెందింది. వీటి చుట్టరికం తేల్చడం మొదటినుంచీ కష్టమే. ఆ పేరుకు మూలమైన అడాపిస్‌ను 1821లో పారిస్ జిప్సం గనుల ఎముకలు చూసి వర్ణించిన శాస్త్రవేత్త కువియే అంతటివాడే దాన్ని గిట్టల జంతువుల సరసన చేర్చాడు.

2009 మేలో ఇడా పరిశోధన వ్యాసంతోపాటే పుస్తకం, టీవీ చిత్రం సిద్ధం. నాకు అక్కడే అనుమానం. ఆ వ్యాసం రాసినవాళ్ల వాదనలో ఒక ముఖ్యమైన ముక్క ఇది: లెమూర్లకు కింది ముందుపళ్లు దువ్వెనలా ఉంటాయి, కాలి రెండో వేలికి గోకుడు గోరు ఉంటుంది, ఇడాకు రెండూ లేవు, కాబట్టి కోతులవైపు, అంటే మనవైపు మనిషి. ఊళ్లో ఇద్దరికి మీసాల్లేనంత మాత్రాన అన్నదమ్ములవుతారా? దువ్వెన పళ్లు తర్వాత వచ్చిన సొత్తు. అంతకుముందు అవి ఎవరికీ లేవు. పాత లేమి చుట్టరికం తేల్చదు, కొత్తగా వచ్చిన లక్షణాన్ని పంచుకోవడమే తేలుస్తుంది.

అదే ఏడాది అక్టోబరులో ఎరిక్ సైఫర్ట్ బృందం ఈజిప్టులోని ఫయూంలో దొరికిన ఆఫ్రడాపిస్ అనే మరో అడాపిడ్‌ను బయటపెట్టింది. 3.7 కోట్ల ఏళ్ల నాటిది. ఉన్నవల్లా దవడ ముక్కలు, పళ్లు. వాటిని పెట్టుకుని 117 ప్రైమేట్లలో 360 లక్షణాలు పోల్చారు. అడాపిడ్లు లెమూర్లవైపు చేరాయి. కోతిలా కనబడే పోలికలు వాటికి విడిగా పుట్టుకొచ్చినవే. నిండు అస్థిపంజరం ఇవ్వని జవాబు పళ్లిచ్చాయి.

ఈ అడాపిడ్ల బంధువులు మన దేశంలోనూ ఉండేవి. గుజరాత్ వస్తాన్ లిగ్నైట్ గనిలో ఆసియాడాపిస్ దవడలు దొరికాయి.

ఈసారి ఎక్కడైనా లెమూర్ల చుట్టమైన దేవాంగపిల్లి ఫొటో దొరికితే కాలి రెండో వేలు చూడు. ఇడా పాదం బొమ్మ పక్కన పెట్టి, ఏది పాత లక్షణం, ఏది కొత్తదో రెండు వరసలుగా రాసి పంపు. దిద్ది పంపుతాను.

తాతయ్య