ఉస్మానియా బావులు నేర్పే పాఠం



మెట్టుగూడ, అడిక్‌మెట్ అన్న పేర్లు పలికితేనే మెట్టనేల గుర్తుకు వస్తుంది. మెట్ట మీద పడిన వాన నిలవదు, పల్లానికి పరుగెడుతుంది. వానాకాలంలో రోడ్లపై మోకాలిలోతు నీరు, ఏప్రిల్ వచ్చేసరికి బోరులో చుక్క ఉండదు. ఈ రెండు బాధలకూ మూలం ఒక్కటే. నేలలోకి నీరు దిగే దారిని మనం మూసివేశాం.

విశ్వవిద్యాలయం పర్యావరణాన్ని ఎలా కాపాడుతుందని అడిగితే సౌరఫలకాలు, సదస్సులు, మొక్క నాటుతూ దిగిన ఫోటోలు చాలామందికి తోస్తాయి. ఫోటో దిగిన తరువాత ఆ మొక్కకు నీళ్లు ఎవరు పోశారన్నది వేరే సంగతి! ఈ వారం మనం మన పొరుగున ఉన్న ఉస్మానియా నేలను, బావులను చూద్దాం.

1918లో ప్రారంభమైన ఈ విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్‌లో సుమారు 1,600 ఎకరాలు కేటాయించారు. ఆ ప్రాంతం అంతకుముందు ప్రసిద్ధ ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి చందా జాగీరు. ఆమె 1824లో మరణించారు. ఆమె పేరుతో ఉన్న మెట్లబావి ఉస్మానియా, ఇఫ్లూ ఆవరణల పరిధిలో చాలా కాలం పూడిక, చెత్తతో నిండి ఉండేది. ఇటీవలి సంవత్సరాలలో దానిని, ఆసఫ్‌జాహీల కాలపు మరి రెండు బావులను శుభ్రం చేసి బాగుచేశారు. కొందరు దీనిని పురాతన కట్టడాల రక్షణ అంటారు. నా దృష్టిలో ఇది అంతకంటే ఎక్కువగా నీటి పని.

ఎందుకో వినండి. మన నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఇసుక నేలలా అది నీటిని పీల్చుకోదు. పైన మెత్తబడిన మట్టిపొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. అందుకే ఒక ఇంటి బోరులో నీళ్లుంటే పక్కింటి బోరు ఎండిపోతుంది. వెయ్యి అడుగులు తవ్వినా, పైనుంచి నీరు చేరని పగులులో ఏముంటుంది? పాత బావి ఆ మట్టిపొరను తాకుతూ ఉంటుంది. దాని నీటిమట్టం చూస్తే చుట్టుపక్కల నేలలో ఎంత నీరుందో కంటికి కనిపిస్తుంది. బోరుకు ఆ గుణం లేదు, మోటారు కాలిపోయేదాకా సంగతి తెలియదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. హైదరాబాదులో ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంటే ఒక్క ఎకరం మీద దాదాపు 32 లక్షల లీటర్లు. గట్టి నేల గనుక అందులో పదోవంతు మాత్రమే ఇంకుతుందనుకున్నా మూడు లక్షల లీటర్లు! సిమెంటు పరచిన ఎకరంలో ఇది దాదాపు సున్నా. కాబట్టి క్యాంపస్‌లో చెట్లు, రాళ్లు, గడ్డి ఉన్న ఖాళీ స్థలం ‘ఊరికే పడి ఉన్న భూమి’ కాదు. ఇప్పటికే ఉస్మానియా భూమిలో కొంత ఇతర సంస్థలకు, కొంత రోడ్లకు, కొంత ఆక్రమణలకు పోయింది. 2025లో నగరానికి ఆ చివర, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల చెట్లను తొలగించడం మొదలుపెట్టినప్పుడు విద్యార్థులు అడ్డు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది. పుస్తకాలలో చదివిన పర్యావరణ శాస్త్రం ఆ పిల్లలకు అక్కడ అక్కరకు వచ్చింది.

చదువు గేటు దాటి బయటకు రావడానికి తార్నాకలోనే మరో ఉదాహరణ ఉంది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతిలో బోయినపల్లి మార్కెట్‌లో కుళ్లిన కూరగాయలనుంచి గ్యాసు, కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో దేశమంతా విన్నది. అక్కడి ప్లాంటు రోజుకు పది టన్నుల చెత్తకు సరిపడేది.

జగద్గురువు ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో సురక్షితమైన త్రాగునీరు ప్రతి మనిషి ప్రాథమిక హక్కు అని చెప్పారు. ట్యాంకరు కొనగలిగిన ఇంటికి ఈ మాట తేలిక. బిందెలతో వరుసలో నిలబడే తల్లిని అడగండి దాని బరువెంతో.

మరి మనమేం చేయగలం? వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదిలో దాదాపు 74 వేల లీటర్ల వాన పడుతుంది. అయిదోవంతు వృథా అయినా అరవై వేలు మిగులుతాయి. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు! ఇంకుడు గుంత ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం ఎప్పుడో చెప్పింది. గుంతలు తవ్వినవారూ ఉన్నారు. కాని ఏటా పూడిక తీసేవారు ఎందరు? మట్టి పేరుకున్న గుంత ఉన్నా లేనట్టే.

మృగశిర కార్తె రాకముందే డాబా ఊడ్చండి. గొట్టం మూతికి జాలీ కట్టండి. మొదటి వాన నీటిని బయటకు వదిలి, తరువాతి నీటిని గుంతలోకి పంపండి. గుంతలో అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, అన్నిటికంటే పైన ఇసుక ఉండాలి. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వండి. మీ వీధిలో లేదా విచారణ ఆవరణలో పాడుబడిన బావి ఉంటే, దానిని చెత్తతో పూడ్చే ముందు ఒక్కసారి లోపలికి తొంగి చూడండి.