డ్రమ్ములో పురుగులు

ప్రశ్న: మాది షోలాపూర్ కొంతం చౌక్. నల్లా నాలుగైదు రోజులకోసారి వస్తుంది. మొదట మురికినీళ్లే. పట్టిపెట్టిన డ్రమ్ములో పురుగులు. ఏం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఉజని డ్యామ్ నుంచి వచ్చే నీళ్లు ఆగిన రోజుల్లో పైపులు ఖాళీ అవుతాయి. పగుళ్లుంటే మోరీ నీళ్లు లోపలికి దిగుతాయి. పైపుకే మోటారు బిగిస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది.

మొదటి బిందెలు అంట్లకు, బాత్రూముకు వాడండి. తేటపడ్డాకే తాగేవి పట్టండి. తెర్లించి, చల్లార్చి, మూతపెట్టండి. ఆ పురుగులు దోమపిల్లలు. గుడ్లు డ్రమ్ము గోడలకు అంటుకుంటాయి. వారానికోసారి పీచుతో గట్టిగా రుద్ది ఆరబెట్టండి, డ్రమ్ము నోటికి గుడ్డ బిగించండి.

నీళ్ల వాసన, రంగు పోకపోతే మహాపాలిక జోన్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. విరేచనాలు, జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.